నుదుటి సర్జరీ: బెంగళూరు ప్యాకేజీలో ఏముంటుంది, ఏముండదు

ఇందిరానగర్, కోరమంగల, జయనగర్ వైపు కాస్మెటిక్ క్లినిక్కుల్లో ముక్కు, గడ్డం, జుట్టుతో పాటు నుదురు కూడా మెనూలో కనిపిస్తోంది. ‘ఫోర్‌హెడ్ కాంటూరింగ్’ అని ఒకే పేరు పెడతారు గానీ అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. కనుబొమల మీది ఎముక గట్టు తగ్గించడం, సొట్టనో చదునునో నింపడం, జుట్టు మొదలయ్యే గీతను కిందికి దించడం, కనుబొమలు పైకెత్తడం. మీకు వీటిలో ఏది కావాలో తేలకముందే ఫోన్లో రేటు చెప్పేసే చోటికి మా మార్కులు సున్నా.

ఎందుకంటే అసలు లెక్కంతా సీటీ స్కాన్‌లో ఉంది. కనుబొమల వెనక, ఎముక లోపల గాలి గది ఉంటుంది. దాన్నే ఫ్రాంటల్ సైనస్ అంటారు. దాని ముందు గోడ కొద్ది మిల్లీమీటర్ల మందమే. గట్టు ముందుకు పొడుచుకొచ్చిందంటే అక్కడ ఎముక దళసరిగా ఉందని అనుకుంటారు. చాలామందిలో జరిగేది వేరు: లోపలి గది పెద్దదై, పలుచని గోడ ముందుకు వచ్చి ఉంటుంది. గోడ దళసరిగా ఉన్నా, అసలు సైనసే లేకపోయినా, డ్రిల్‌తో అరగదీస్తే సరిపోతుంది. పలుచగా ఉంటే మాత్రం అరగదీసే కొద్దీ చిల్లు పడుతుంది. అలాంటివాళ్లకి ముందు గోడను ముక్కగా కోసి బయటికి తీసి, సరిదిద్ది, వెనక్కి జరిపి టైటానియం ప్లేట్లు, చిన్న స్క్రూలతో బిగిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ డగ్లస్ ఔస్టర్‌హౌట్ 1987లో చేసిన వర్గీకరణే ఇప్పటికీ నడుస్తోంది: అరగదీసేది టైప్ 1, కోసి వెనక్కి జరిపేది టైప్ 3. కన్సల్టేషన్‌లో అడగాల్సింది ఇదే: ‘నాది ఏ టైపు, గోడ ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, స్కాన్‌లో చూపించండి.’ చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

నింపే పనికి బోన్ సిమెంటు, హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం లాంటిది), కొలతలకు చేయించిన పీక్ (గట్టి ప్లాస్టిక్) ఇంప్లాంటు వాడతారు. సిమెంటు చపాతీ పిండిలా మెత్తగా వస్తుంది, గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అందుకే పైన చల్లని సెలైన్ పోస్తూ ఉంటారు. అంచులు సరిగ్గా కలపకపోతే వాపు తగ్గాక చర్మం కింద మెట్టులా తెలుస్తుంది. ఇన్‌ఫెక్షన్ వస్తే చాలాసార్లు మొత్తం తీసేయాల్సిందే. ‘కోత లేకుండా ఫిల్లర్’, అంటే సూదితో జెల్ ఎక్కించి నింపడం, తేలికైన పని కాదు. కనుబొమల మధ్య రక్తనాళంలోకి పోతే కంటిచూపుకే ముప్పు.

కోత రెండు చోట్ల పెట్టొచ్చు. ఒకటి చెవి నుంచి చెవి దాకా, జుట్టు లోపల. రెండోది జుట్టు గీత వెంబడి. గీతను దించాలంటే ఇదే పనికొస్తుంది. ఇక్కడ కత్తిని ఏటవాలుగా నడిపితే మచ్చలోంచే వెంట్రుకలు మొలిచి దాన్ని కప్పేస్తాయి. బట్టతల వంశంలో ఉన్న మగవాళ్లు రెండింటికీ ఆలోచించాలి, జుట్టు వెనక్కి పోతే మచ్చ బయటపడుతుంది. తిరుమల మొక్కు ఉంటే గుండు ముందే చేయించుకుని, జుట్టు పెరిగాక సర్జరీకి వెళ్లడం మేలు. తర్వాత గుండు చేయిస్తే ఆ గీత ఊరంతా చూస్తుంది.

పూర్తి మత్తులో 2 నుంచి 4 గంటలు పడుతుంది, ఒకటి రెండు రాత్రులు ఆస్పత్రిలో. వాపు రెండో, మూడో రోజు ఎక్కువై రెప్పల మీదికి దిగుతుంది, కళ్లు తెరుచుకోకపోవచ్చు. భయపడక్కర్లేదు, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కుట్లో స్టేపుల్సో తీసేది 7 నుంచి 10 రోజులకు. అనంతపురం, కర్నూలు నుంచి వచ్చేవాళ్లు అప్పటిదాకా బెంగళూరులోనే ఉండేలా చూసుకోవాలి. సైనస్ గోడ కదిపినవాళ్లు డాక్టర్ చెప్పేదాకా ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. లేకపోతే గాలి చర్మం కిందికి ఎక్కుతుంది. హెల్మెట్ సరిగ్గా కోత మీదే నొక్కుతుంది కాబట్టి బండి పక్కన పెట్టాలి.

మాడు మొద్దుబారడం మామూలే, నెలల తరబడి ఉండొచ్చు. కోత పక్కన జుట్టు రాలి మళ్లీ వస్తుంది. అసలు ఆకారం తేలడానికి 6 నెలల నుంచి ఏడాది. అయితే ఒక పక్కే హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెరిగినా, వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటిది కారినా, జ్వరంతో ఎర్రబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ నీళ్లు జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

డబ్బు విషయంలో ప్యాకేజీ అన్న మాటను నమ్మొద్దు. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, ప్లేట్లు, సీటీ, గది విడివిడిగా రాయించుకోండి. అందం కోసం చేసేదానికి 18 శాతం జీఎస్టీ అదనం. ప్రమాదంలో దెబ్బకో, పుట్టుకతో ఉన్న లోపానికో అయితే పన్ను ఉండదు. ఆరోగ్య బీమా కూడా కాస్మెటిక్‌కి వర్తించదు. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్ఎన్‌బీ అనే స్పెషలిస్టు డిగ్రీ ఉందో లేదో, క్లినిక్‌కి కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఐసీయూ లేని చోట టైప్ 3 చేయించుకోవడం మా దృష్టిలో అనవసరపు సాహసం.

ఇంటికి వచ్చేటప్పుడు సీటీ ఫైళ్లు, ఆపరేషన్ నోట్స్, ప్లేట్ల డబ్బా మీది కంపెనీ స్టిక్కరు అడిగి తెచ్చుకోండి. సైనస్‌లో జిగురు పేరుకునే తంటా ఏళ్ల తర్వాత కూడా రావచ్చు, అప్పుడు కొత్త డాక్టర్ మొదట అడిగేవి అవే.