హెచ్‌ఎంసీ1021 సెన్సర్: అయస్కాంత లోహంలో ఎలక్ట్రాన్లు ఏం చేస్తాయో చూడాలంటే ఇది తీసుకోండి

హనీవెల్ వాళ్ళ హెచ్‌ఎంసీ1021 అనే మాగ్నెటిక్ సెన్సర్ గురించి రాస్తున్నా. దీన్ని ఎక్కువమంది దిక్సూచి కట్టడానికో, వాహనం వచ్చిందో లేదో కనిపెట్టడానికో వాడతారు, నేను మాత్రం అయస్కాంత లోహానికి బయట నుంచి ఫీల్డ్ పెడితే లోపల ఎలక్ట్రాన్ల దారి ఎలా మారుతుందో కళ్ళారా చూద్దామని తెచ్చుకున్నా. ఆ పనికి ఇంత బాగా ఉంటుందని అనుకోలేదు. ఫిజిక్స్ మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆలోచించకుండా తీసుకోవచ్చు. దిక్కు తెలిస్తే చాలు అనుకునేవాళ్ళు మాత్రం డిజిటల్ చిప్ చూసుకోండి, ఎందుకంటే ఇది అనలాగ్, యాంప్లిఫయర్ మనమే పెట్టుకోవాలి.

లోపల ఉన్నది పర్మలాయ్, అంటే దాదాపు 80 శాతం నికెల్, 20 శాతం ఇనుము కలిసిన పల్చటి పొర, దాన్నే నాలుగు రెసిస్టర్లుగా చేసి వీట్‌స్టోన్ బ్రిడ్జ్ (రెసిస్టెన్స్‌లో చిన్న తేడాని వోల్టేజ్‌గా చూపే సర్క్యూట్) కట్టారు. బ్రిడ్జ్ సుమారు 1100 ఓమ్‌లు. 5 వోల్టులు ఇస్తే ఒక్క గాస్‌కి (అయస్కాంత ఫీల్డ్ కొలిచే యూనిట్) 5 మిల్లీవోల్టులు వస్తాయి. భూమి ఫీల్డ్ అర గాస్ అటూఇటూ కాబట్టి రెండు, రెండున్నర మిల్లీవోల్టులు, వంద రెట్లు పెంచితే మామూలు మల్టీమీటర్లో హాయిగా కనిపిస్తుంది. బోర్డుని టేబుల్ మీద మెల్లగా తిప్పుతుంటే రీడింగ్ పెరిగి, తగ్గి, అటు నుంచి ఇటు తిరిగి చక్కగా సైన్ వేవ్ గీస్తుంది.

సరే ఇది ఏ సెన్సరైనా చేస్తుంది కదా అంటారేమో, అసలు విషయం ఇక్కడుంది. మామూలు లోహం, రాగి తీసుకోండి. అందులో కరెంట్ మోసే ఎలక్ట్రాన్ సెకనుకి సుమారు 1570 కిలోమీటర్ల వేగంతో పోతుంది, 1 టెస్లా (10,000 గాస్) ఫీల్డ్ పెడితే అది దాదాపు 9 మైక్రాన్ల వ్యాసార్థంతో గుండ్రంగా తిరగాలి, కానీ మామూలు గది ఉష్ణోగ్రతలో ఓ 40 నానోమీటర్లు పోయేసరికే పరమాణువుల కంపనాలకి తగిలి దారి మారిపోతుంది, ఇంక వంగేది ఎప్పుడు? అదీ 1 టెస్లాకి. ఈ సెన్సర్ చూసేది మహా అయితే 6 గాస్. 5 గాస్ అంటే టెస్లాలో రెండు వేలో వంతు, ఆ లెక్కన వ్యాసార్థం 18 మిల్లీమీటర్లు వస్తుంది, చిప్పే అంత ఉండదు! అంటే ఫీల్డ్ ఎలక్ట్రాన్‌ని నేరుగా వంచడం వల్ల ఇక్కడ ఏమీ కనిపించకూడదు. అయినా పర్మలాయ్‌లో కొద్ది గాస్‌లకే రెసిస్టెన్స్ మారుతుంది, మాగ్నెటైజేషన్, అంటే లోహం లోపలి అయస్కాంతత్వం, పూర్తిగా 90 డిగ్రీలు తిరిగితే మార్పు 2, 3 శాతం దాకా ఉంటుంది.

ఎలాగంటే, బయటి ఫీల్డ్ ఎలక్ట్రాన్లతో నేరుగా చేసే పని చాలా తక్కువ. ఇనుములో పరమాణువుకి 2.2 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువు అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్), నికెల్‌లో 0.6, ఈ చిన్న అయస్కాంతాలన్నీ మనం ఫీల్డ్ పెట్టకముందే ఎక్స్ఛేంజ్ (పక్కపక్క స్పిన్‌లని ఒకే దిక్కుకి నిలబెట్టే క్వాంటమ్ ప్రభావం) వల్ల వరసలో నిలబడి ఉన్నాయి. 1 టెస్లా పెట్టినా ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) శక్తి మారేది 0.00006 ఎలక్ట్రాన్ వోల్ట్, గది వేడే 0.025 ఉంటుంది. కాబట్టి బయటి ఫీల్డ్ చేయగలిగేది ఒకటే, ఆల్రెడీ వరసలో ఉన్న ఆ మాగ్నెటైజేషన్ మొత్తాన్ని పట్టి ఇంకో దిక్కుకి తిప్పడం. పర్మలాయ్ మెత్తటి అయస్కాంతం, కొన్ని గాస్‌లకే తిరిగిపోతుంది. కరెంట్ ఆ దిక్కు వెంబడే పోతుంటే స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కదలికకీ ఉన్న లంకె) వల్ల ఎలక్ట్రాన్లు ఎక్కువగా చెదురుతాయి, అడ్డంగా పోతుంటే తక్కువ. విలియం థామ్సన్, అదే లార్డ్ కెల్విన్, 1857లోనే ఇనుములో, నికెల్‌లో ఇది చూశాడు, అప్పటికి ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని ఎవరికీ తెలీదు, అది బయటపడింది 1897లో!

ఈ చిప్ డిజైన్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఈ ఎఫెక్ట్ కరెంట్‌కీ మాగ్నెటైజేషన్‌కీ మధ్య ఉన్న కోణం కొసైన్ స్క్వేర్ లెక్కన నడుస్తుంది, అంటే ఫీల్డ్ ప్లస్సో మైనస్సో దానికి తెలీదు. అందుకని పొర మీద 45 డిగ్రీల ఏటవాలుగా అల్యూమినియం చారలు వేశారు, కరెంట్ ఆ చారల మధ్య అడ్డదారిన పోతుంది కాబట్టి అవుట్‌పుట్ సూటిగా గీతలా వస్తుంది, ఫీల్డ్ ఎటువైపో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక అయస్కాంతం దగ్గరికి తెచ్చి తీసేయండి. రీడింగ్ మొదటి చోటికి రాదు, సెన్సిటివిటీ కూడా పడిపోతుంది, ఎందుకంటే లోపల డొమైన్లు (మాగ్నెటైజేషన్ ఒకే దిక్కుకి ఉన్న చిన్న చిన్న ప్రాంతాలు) చెల్లాచెదురయ్యాయి. చిప్‌లోనే ఉన్న సెట్-రీసెట్ పట్టీ గుండా అర ఆంపియర్ కరెంట్ రెండు మైక్రోసెకన్లు పంపితే అన్నీ మళ్ళీ ఒక దిక్కుకి వచ్చేస్తాయి. పల్స్ తిరగేసి పంపితే ఇంకా బాగుంటుంది, అదే లోహం, అదే కరెంట్, అదే బయటి ఫీల్డ్, కానీ అవుట్‌పుట్ గుర్తు తారుమారు! ఎలక్ట్రాన్ చూసేది మాగ్నెటైజేషన్‌నే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే ఫీల్డ్, రెండూ కలిపిన దాంట్లో సగం తీసుకుంటే బ్రిడ్జ్ ఆఫ్‌సెట్ (ఫీల్డ్ లేకపోయినా వచ్చే రీడింగ్). నా బోర్డు మీద ఈ పల్స్ సర్క్యూట్ లేదు, కెపాసిటర్, మాస్‌ఫెట్‌లతో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) విడిగా కట్టుకున్నా, మీరు కొనేటప్పుడు అది చూసుకుని కొనండి, అది లేకుండా ఈ చిప్ సగం చిప్పే.

వేడెక్కితే సెన్సిటివిటీ డిగ్రీకి 0.3 శాతం చొప్పున తగ్గుతుంది. పరమాణువుల కంపనాలు పెరిగి మామూలు చెదరడం ఎక్కువవుతుంది, దిక్కు వల్ల వచ్చే వాటా పల్చబడుతుంది. కొలతలు తీసుకునేవాళ్ళు పక్కన టెంపరేచర్ కూడా నోట్ చేసుకోండి.

దీంతో కనపడనివి కూడా ఉన్నాయి. 6 గాస్ దాటితే పని అయిపోయినట్టే, టెస్లాల్లోకి వెళ్ళినప్పుడు ఫీల్డ్ స్పిన్ వేవ్‌లని (వరసలో ఉన్న స్పిన్‌లలో అలల్లా సాగే ఊగులాటలు) అణిచేసి రెసిస్టెన్స్ నెమ్మదిగా తగ్గుతుందే, అది చూడాలంటే పెద్ద ఎలక్ట్రోమాగ్నెట్ కావాలి. స్పిన్ అప్, స్పిన్ డౌన్ ఎలక్ట్రాన్లు రెండు వేరు వేరు కరెంట్లలా నడుస్తాయన్న సంగతి కూడా ఇందులో తేలదు. దానికి జీఎంఆర్ (జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్) సెన్సర్ కావాలి, ఫిజిక్స్ శాస్త్రవేత్తలు ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ 1988లో కనిపెట్టి 2007లో నోబెల్ తెచ్చుకున్నది అదే. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టి ఒకే కాయిల్‌తో ఫీల్డ్ ఇచ్చి చూడండి. స్టీల్ స్క్రూలు మాత్రం దగ్గర్లో ఉంచకండి, ఇత్తడివో ప్లాస్టిక్‌వో వాడండి.