జీబిఐఎఫ్ హోస్టెడ్ పోర్టల్: సిరొంచ చెట్లూ పిట్టల లెక్కకు సరిపోయే సైటేనా?

జాతుల వివరాలకు ఒక సైటు కావాలి అనగానే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి, ఆలాపల్లి వైపు కాలేజీల్లోనూ పక్షులు చూసేవాళ్ల గుంపుల్లోనూ మొదట వచ్చే మాట ‘వర్డ్‌ప్రెస్‌లో చేసేద్దాం’. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌గా వర్డ్‌ప్రెస్ మంచిదే, అందంగానూ ఉంటుంది. కానీ అందులో పెట్టిన పట్టిక మనిషి చదువుకోవడానికే పనికొస్తుంది. ఇంకో పరిశోధకుడు దాన్ని నేరుగా తన లెక్కలోకి తీసుకోలేడు, దానంతటది మ్యాపు మీద పడదు. హోస్టింగ్ డబ్బు కట్టడం ఆగిన ఏడాది సైటుతోపాటే డేటా కూడా పోతుంది. జిల్లా స్థాయి జీవవైవిధ్య సైటుకు మేం జీబిఐఎఫ్ హోస్టెడ్ పోర్టల్‌ని ముందు పెట్టడానికి కారణం ఇదొక్కటే: ఇందులో డేటా ఒకచోట, సైటు ఒకచోట ఉంటాయి. సైటు పాడైనా డేటాకి ఏమీ కాదు.

జీబిఐఎఫ్ (గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ) 2001లో మొదలైంది, కార్యాలయం కోపెన్‌హేగెన్‌లో ఉంది. ప్రపంచమంతటి సంస్థలు ఇచ్చిన జాతుల నమోదులను ఒకే సూచికలో పెట్టి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా చేస్తుంది. హోస్టెడ్ పోర్టల్ అంటే ఆ సూచికలో మనకి కావలసిన ముక్కను మాత్రమే మన పేరుతో, మన రంగులతో, మన భాషలో చూపించే సైటు. సర్వర్ వాళ్లదే. పేజీలు గిట్‌హబ్‌లో, అంటే ఫైళ్లు దాచి మార్పులు చేసుకునే వెబ్ సేవలో ఉంటాయి, జెకిల్ అనే పరికరం వాటిని సైటుగా మారుస్తుంది. పోర్టల్‌లో లాగిన్ ఉండదు, డేటా ఎక్కించే ఫారం ఉండదు. ఇది ముందే తెలియక దరఖాస్తు పెట్టి, తర్వాత ‘ఎంట్రీ ఎక్కడ చెయ్యాలి?’ అని వెతికేవాళ్లు చాలామంది. ఎంట్రీ ఇక్కడ కాదు. డేటాను ప్రచురించే ఐపీటీ అనే ఇంకో పరికరం ద్వారా అది జీబిఐఎఫ్‌కి చేరాలి, అక్కడి నుంచి పోర్టల్‌లోకి వస్తుంది.

అందుకే అసలు పని షీటు దగ్గర మొదలవుతుంది. జాతుల డేటా రాసే పద్ధతికి డార్విన్ కోర్ అనే ప్రమాణం 2009లో ఖాయమైంది, కాలమ్‌ల పేర్లు దాని ప్రకారమే ఉండాలి. నమోదుల షీటుకి తప్పనిసరి కాలమ్‌లు నాలుగే: నమోదు ఐడీ, నమోదు ఎలా వచ్చింది (కంటితో చూసిందా, హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన మొక్క నమూనానా), శాస్త్రీయ నామం, తేదీ. వీటికి అక్షాంశం, రేఖాంశం, డేటమ్ (ఆ అంకెలను ఏ కొలమానం మీద లెక్కించారో దాని పేరు), ఎన్ని మీటర్ల అటూ ఇటూ అనే అనిశ్చితి, దేశం కోడ్ కలపకపోతే మ్యాపు మీద చుక్కలు పడవు, పడినా ఎవరూ నమ్మరు.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో దాదాపు ముందే చెప్పొచ్చు. డేటమ్ కాలమ్‌లో ‘డబ్ల్యూజీఎస్84’ అని ఒక గడిలో రాసి మూల పట్టుకుని కిందికి లాగితే ఎక్సెల్ దాన్ని 85, 86, 87 అని పెంచుకుంటూ పోతుంది. మూడు వందల వరుసల షీటులో చివరి వరుసకు లేని డేటమ్ వచ్చి కూర్చుంటుంది. లాగొద్దు, కాపీ చేసి పేస్ట్ చెయ్యండి. తేదీ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి 2024-03-07 పద్ధతిలో, అంటే ఏడాది, నెల, రోజు వరసలో రాయాలి. లేకపోతే మార్చి 7 కాస్తా జులై 3 అవుతుంది.

అక్షాంశ రేఖాంశాల్లో రెండు తప్పులు మరీ మామూలు. సిరొంచ దాదాపు 18.85 ఉత్తరం, 79.97 తూర్పు. రెండు కాలమ్‌లు తారుమారైతే మన ఇప్పచెట్టు ఆర్కిటిక్‌లో, స్వాల్‌బార్డ్ మంచుదీవుల మీద మొలుస్తుంది. ఇది మ్యాపు చూడగానే దొరికిపోతుంది. దొరకనిది రెండోది. 18 డిగ్రీల 51 నిమిషాలను 18.51 అని రాసేయడం. 51 నిమిషాలంటే 0.85 డిగ్రీ. 18.51 అని రాస్తే చుక్క దాదాపు 38 కిలోమీటర్లు దక్షిణానికి, గోదావరి దాటి తెలంగాణలోకి జారుతుంది. అక్కడా అడవే, అక్కడా అదే చెట్టు ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నిమిషాలను 60తో భాగించి కలపాలి. పాత నోటు పుస్తకాల నుంచి ఎక్కించేటప్పుడు ప్రతి వరుసకీ ఇది చూసుకోవాలి.

ఊరి పేర్ల సంగతి ఈ ప్రాంతానికి ప్రత్యేకం. గడ్చిరోలి జిల్లా ఏర్పడింది 1982 ఆగస్టు 26న. అంతకుముందు నాటి హెర్బేరియం చీటీల మీద చాందా అనో చంద్రపూర్ అనో ఉంటుంది. దాన్ని చెరిపి గడ్చిరోలి అని దిద్దకూడదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు ‘మూల స్థలం’ కాలమ్‌లో ఉంచి, జిల్లా కాలమ్‌లో ఇప్పటి పేరు రాయాలి.

శాస్త్రీయ నామాలకు జీబిఐఎఫ్ సైటులోనే పేర్లు సరిచూసే పరికరం ఉంది, షీటు ఎక్కిస్తే ఏ పేరు సరిగ్గా కుదిరింది, ఏది దగ్గరగా మాత్రమే కుదిరింది అని వరుసవారీగా చెబుతుంది. నల్లమద్దిని పాత పుస్తకాలు టెర్మినేలియా టొమెంటోసా అనో అలాటా అనో రాస్తాయి, ఇప్పుడు ఎక్కువ చోట్ల ఎలిప్టికా. ఇలాంటివి ఇక్కడే తేలిపోతాయి. షీటులో ‘కింగ్‌డమ్’ కాలమ్ (మొక్కా, జంతువా అన్నది) తప్పక పెట్టండి. మోరస్ అంటే మల్బరీ ప్రజాతి, అదే పేరుతో గ్యానెట్ అనే సముద్రపక్షుల ప్రజాతీ ఉంది. కింగ్‌డమ్ లేకపోతే మల్బరీ తోట పక్షుల జాబితాలోకి పోవచ్చు.

నమోదు ఐడీని ఒకసారి ఇచ్చాక మార్చకూడదు. వరుస సంఖ్యనే ఐడీగా పెట్టి, తర్వాత షీటుని అక్షరక్రమంలో పేర్చి, మళ్లీ 1 నుంచి నంబర్లు వేస్తే పాత లింకులు వేరే జాతులకు అతుక్కుంటాయి. ఐడీలు మొత్తంగా మారిపోతే జీబిఐఎఫ్ ఆ డేటాను ఎక్కించకుండా ఆపుతుంది కూడా. సంస్థ పొట్టిపేరు, ఏడాది, నాలుగంకెల సంఖ్య కలిపి ఐడీ కట్టుకుంటే చాలు.

ఐపీటీ ఉచిత సాఫ్ట్‌వేర్, జావా మీద నడుస్తుంది, డాకర్ అనే ప్యాకేజీ పద్ధతిలోనూ పెట్టుకోవచ్చు. అయినా సొంతంగా పెట్టుకోవద్దనే మా సలహా. ఏడాదికి రెండు మూడు సార్లు ప్రచురించే గుంపుకి సర్వర్ కాపలా దండగ. ఇప్పటికే ఐపీటీ నడుపుతున్న సంస్థనో, జీబిఐఎఫ్ నడిపే క్లౌడ్ ఐపీటీనో అడిగితే ఖాతా ఇస్తారు. పెట్టుకుని తీరాలంటే ఒక్కటి గుర్తుంచుకోండి: మొదటి తెరలో పరీక్ష పద్ధతా, అసలు పద్ధతా అని అడుగుతుంది. పరీక్ష అని నొక్కితే తర్వాత మార్చుకోవడానికి లేదు, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే. డేటా ఫోల్డర్‌ని బ్యాకప్ తీసుకుంటే మొత్తం ఐపీటీని బ్యాకప్ తీసుకున్నట్టే. ప్రచురించే సంస్థగా నమోదు కావడానికి జీబిఐఎఫ్ వైపు నుంచి ఆమోదం కావాలి, దానికి వ్యవధి పడుతుంది కాబట్టి షీటు దిద్దుకుంటూనే దరఖాస్తు పెట్టేయండి. లైసెన్సులు మూడే: సీసీ జీరో (షరతుల్లేవు), సీసీ బై (మన పేరు చెప్పాలి), సీసీ బై ఎన్‌సీ (పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు). ప్రచురణ అయ్యాక డేటాకి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, ఎవరు వాడుకుని వ్యాసం రాసినా ఆ లెక్క మనకు చేరుతుంది. చిన్న కాలేజీకి ఇది పెద్ద గౌరవం.

ప్రచురించే ముందు బయట పెట్టకూడనివి తీసేయాలి. అలుగు, నక్షత్ర తాబేలు, రాబందుల గూళ్లు, ఇలాంటి వాటి చోటు మీటర్లతో సహా చెబితే వేటగాడికి దారి చూపినట్టే. అక్షాంశాన్ని ఒక్క దశాంశానికి కుదిస్తే చుక్క దాదాపు 11 కిలోమీటర్ల గడిలోకి మారుతుంది. అలా కుదించామని దానికున్న కాలమ్‌లో రాయాలి, అసలు అంకెలు మన దగ్గరే ఉంచుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరి కమిటీలు రాసే ప్రజా రిజిస్టర్లను మొత్తంగా ఎక్కించాలనే ఉత్సాహం కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది. జాతుల జాబితా వరకు ఫరవాలేదు. ఏ వేరు ఏ జబ్బుకి అన్న సంప్రదాయ జ్ఞానం ఆ ఊరిది, వాళ్ల ఒప్పుదల లేకుండా అందులో ఒక్క వరుస కూడా వెబ్‌లోకి రాకూడదు.

ఇక పోర్టల్ దగ్గరికి. దాని గుండెకాయ ‘పరిధి’ అమరిక, అంటే సూచికలోంచి ఏ నమోదులు చూపించాలన్నది. జిల్లా పేరుతో వడకడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ప్రాణహిత ఒడ్డున సరిపోదు. నదికి అటు తెలంగాణ, ఇటు మహారాష్ట్ర. ఇటు ఒడ్డున చూసిన పక్షి, పైన చెప్పినట్టు కుదించిన అంకెల వల్ల అటు ఒడ్డున పడుతుంది, వడపోతలో రాలిపోతుంది. కాబట్టి మ్యాపు మీద బహుభుజి గీసి ఇవ్వడమే మేలు. అందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. మొదటి బిందువునే చివర మళ్లీ రాయాలి. బిందువులు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. ముల్లు దిశలో తిరిగితే ఆ గీత లోపలిది వదిలేసి బయటి ప్రపంచమంతా మన పరిధి అని అర్థం చేసుకుంటుంది. పోర్టల్ తెరవగానే బ్రెజిల్ కప్పలు కనిపిస్తే కారణం ఇదే.

రూపం మార్చుకోవడం తేలిక, ఒక పూట పని. లోగో, రంగులు, మెనూ అన్నీ చిన్న టెక్స్ట్ ఫైళ్లు. ఇవి యామ్ల్ అనే అమరికల రాత పద్ధతిలో ఉంటాయి, ఇందులో ట్యాబ్ కీ నొక్కితే సైటు కట్టడం ఆగిపోతుంది. రెండేసి స్పేసులే వాడాలి. శీర్షికలో విసర్గలా కనిపించే రెండు చుక్కల గుర్తు ఉంటే మొత్తం శీర్షికను కోట్ గుర్తుల్లో పెట్టాలి. మార్పు చేశాక కూడా సైటు పాతదే చూపిస్తుంటే నూటికి తొంభై సార్లు ఈ రెండింటిలో ఒకటే కారణం.

పేజీలు తెలుగులో, మరాఠీలో మనమే రాసుకోవచ్చు. వెతుకులాట పెట్టెలోని మాటలు మాత్రం జీబిఐఎఫ్ అనువాదాలు ఉన్నంతవరకే. ఫైలు పేరు తెలుగులో పెట్టకండి, ‘సిరొంచ’ అన్న ఒక్క మాట లింకులో 54 అక్షరాల శాతం గుర్తుల దండ అయి వాట్సాప్‌లో విరిగిపోతుంది. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేది తెలుగుకి చాలదు, ‘నల్లమద్ది’లో వత్తు కింది వరుసకు తగులుతుంది. అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్ల వరకు పెంచండి. శాస్త్రీయ నామాల కోసం పెట్టే వాలు అక్షరం తెలుగు పేర్లకు తగలకుండా చూడాలి. పాత అను ఫాంట్లలో కొట్టిన జాబితాలు ఉంటే ముందు యూనికోడ్‌కి మార్చాలి. షీటుని ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న ఎంపికతోనే సేవ్ చెయ్యాలి, మామూలు సీఎస్‌వీ అయితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి.

వాడుక పేర్లకి వేరే డేటాసెట్ కట్టడం మంచిది. జాతుల జాబితా రకం డేటాసెట్‌లో జాతి ఐడీ, శాస్త్రీయ నామం, స్థాయి ఉంటే చాలు, దానికి పేర్ల అనుబంధ పట్టిక తగిలించవచ్చు. ఒక్క జాతికి ఎన్ని వరుసలైనా: ఇప్ప అని ఒక వరుస, భాష గడిలో తెలుగు కోడ్, మోహ అని ఇంకో వరుస, మరాఠీ కోడ్. తునికి, తేందు. మోదుగ, పళస. గోండికీ కోడ్ ఉంది, జీ-ఓ-ఎన్. అంకీసాలో తెలుగు పేరుతో వెతికే పిల్లకీ, భామ్రాగడ్‌లో మాడియా గోండి పేరు చెప్పే పెద్దాయనకీ చెట్టు ఒకటేనని చూపే పట్టిక ఇదే. మేం చూసినంతలో అందరూ వదిలేసేదీ ఇదే.

లోటుపాట్లు: మ్యాపు పేజీ బరువు, నెట్ సరిగా అందని చోట తెరుచుకోవడానికి సమయం పడుతుంది. ముందు పేజీలో ఫొటోలు 200 కేబీ దాటనివ్వకండి, జాతుల జాబితా ఒకటి మామూలు పేజీగా కూడా పెట్టండి. జాతి గురించి కథనం కావాలంటే మనమే రాయాలి. వ్యాఖ్యలకు చోటు లేదు. గిట్‌హబ్ తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

ఆ ఒక్కరు లేని గుంపులకు 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ హాయి, గుంపు పేజీ, పరిశీలనలు, పత్రాలు అన్నీ ఒకేచోట. ఫొటో తీసి జాతులు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ ఫోన్‌కి ఇంకా సులువు, నిర్ధారణ అయిన పరిశీలనలు, లైసెన్సు కుదిరితే, తమంతట తామే జీబిఐఎఫ్‌కి పోతాయి. ప్రమాదంలో ఉన్న జాతులను అది 0.2 డిగ్రీల గడిలోకి మసకబారుస్తుంది, ఊరి స్థాయి మ్యాపుకి అవి అక్కరకు రావు. అక్కడ పెట్టినవే ఐపీటీలో మళ్లీ ఎక్కిస్తే ఒకే పక్షి రెండుసార్లు లెక్కకొస్తుంది, పక్షులు చూసేవాళ్లు రాసే ఈబర్డ్ సైటు జాబితాలకూ ఇదే వర్తిస్తుంది. ఆస్ట్రేలియా వాళ్ల జీవవైవిధ్య వేదిక లివింగ్ అట్లాస్ అన్నిటికంటే బలమైనది, కానీ దేశస్థాయి వ్యవస్థ, పలు సర్వర్లూ పూర్తికాలపు సిబ్బందీ కావాలి. డ్రూపల్ 7 అనే సైటు సాఫ్ట్‌వేర్ మీద కట్టిన పాత సైట్లు ఉంటే ఇప్పుడే డేటా బయటికి తీసుకోండి, దానికి మద్దతు 2025 జనవరి 5తో ఆగిపోయింది.

మూడు వందల నమోదులే ఉన్న గుంపు పోర్టల్‌కి ఇప్పుడే దరఖాస్తు పెట్టనక్కర్లేదు. ముందు ఆ మూడు వందలనూ షీటులో తప్పులు చూపే జీబిఐఎఫ్ వాలిడేటర్‌లో ఎక్కించి, ఎర్ర గుర్తులన్నీ పోయాక ఐపీటీలో ప్రచురించండి. పోర్టల్ ఎప్పుడు వచ్చినా అవి అందులో కనిపిస్తాయి.