కంట్లో రక్తం నిండితే సూదులా, ఆపరేషనా: ఏది మేలు?

మా నాన్న ఇన్సులిన్ తనే ఎక్కించుకునేవారు. ఒక పొద్దున ఎర్రమూత సిరంజి మీద గీతలు కనబడక అమ్మ చేతికిచ్చారు. "మసిబట్టిన లాంతరు గ్లాసులోంచి చూస్తున్నట్టుందిరా" అన్నారు. షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) మీద మొలిచిన పెళుసు రక్తనాళాలు చిట్లి, కంటిలోపలి జెల్లీలోకి రక్తం చేరింది. డాక్టరు రెండు దారులు చెప్పారు: కంట్లో వేసే సూదులు, లేదా ఆ జెల్లీని తీసేసి లేజర్ పెట్టే విట్రెక్టమీ.

ఈ రెంటినీ నేరుగా పోల్చిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. అమెరికా, కెనడాల్లో 205 మంది. కొందరికి అఫ్లిబెర్సెప్ట్ అనే మందు సూదులు, కొందరికి ఆపరేషన్. నాలుగో వారానికి ఆపరేషన్ వాళ్లు కంటి చార్టు మీద సగటున 62 అక్షరాల స్థాయికి చేరితే, సూదుల వాళ్లు 53 దగ్గరున్నారు. రెండేళ్లు గడిచేసరికి మాత్రం 71, 74. అంటే తేడా లేనట్టే. రెండు వైపులా మూడోవంతు మందికి రెండో వైద్యం కూడా అవసరమైంది.

మరి ఎంచుకోవడం ఎలా? నా మటుకు నేను చివరి చూపును కాదు, మధ్యలో గడపాల్సిన నెలల్ని చూస్తాను. రక్తం తేటపడటానికి ఆపరేషన్‌తో సుమారు 4 వారాలు, సూదులతో 36. మళ్లీ రక్తం కారింది ఆపరేషన్ వాళ్లలో 15 శాతానికి, సూదుల వాళ్లలో 49 శాతానికి. పైగా సూదులకు వాయిదా తప్పకూడదు. ఊరి నుంచి బస్సెక్కి, తోడు మనిషిని వెతుక్కుని వచ్చేవాళ్లకు అదే పెద్ద గండం. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు.

ఆపరేషన్‌కూ ఖరీదుంది. కంట్లో శుక్లం త్వరగా ముదురుతుంది, రెటీనా చిరిగే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. రెండో కన్ను బాగుండి, ఆసుపత్రి దగ్గర్లో ఉండి, ఓపిక ఉన్నవాళ్లు సూదులతో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. కానీ రెటీనా మీద పెరిగిన పొరలు లాగి దాని నడిమధ్య భాగం ఊడుతుంటే ఆపరేషనే దారి. అప్పుడు ఆలస్యం చేయొద్దు, దయచేసి.

నాన్న రెండో కన్ను ఎప్పుడో మందగించింది. ఎనిమిది నెలలు అమ్మ చేతి ఇన్సులిన్ సూదికి కూర్చోవడం ఆయనకు కుదరని పని. ఆపరేషన్ చేయించాం. ఐదో వారంలో కిటికీ దగ్గర నిలబడి, సిరంజి వెలుతురుకు పట్టి, పద్నాలుగో గీత దగ్గర ఆపారు.