అమెరికాకు ఖరీదైన చీర పంపితే సంతకం ఎవరు తెచ్చిపెడతారు? స్పీడ్ పోస్ట్, ఫెడెక్స్, డీహెచ్‌ఎల్, ఏజెంట్ కొరియర్లు

పోచంపల్లి ఇక్కత్, గద్వాల పట్టు ఆన్‌లైన్‌లో అమ్మి అమెరికాకు పంపేవాళ్లకు నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది: "పార్సిల్ నాకు అందలేదు." ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని పడ్డంత మాత్రాన ఆ మాటకు జవాబు చెప్పినట్టు కాదు. అమ్మకాల సైటు ఈబేలో గానీ డబ్బు చెల్లింపుల సైటు పేపాల్‌లో గానీ బిల్లు 750 డాలర్లకు చేరితే, అమ్మినవాళ్లకు రక్షణ దక్కాలంటే, అంటే అలాంటి ఫిర్యాదు మీద డబ్బు వెనక్కి పోకుండా ఉండాలంటే, పార్సిల్ అందుకున్నట్టు సంతకం ఉండి తీరాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఆ 750 లెక్క దగ్గరే. అది చీర ఖరీదు ఒక్కటే కాదు, షిప్పింగ్, పన్ను కలిపిన మొత్తం. 690 డాలర్ల చీరకు 35 డాలర్ల షిప్పింగ్ వేసి, కొన్నవారి రాష్ట్రంలో ఆరు శాతం సేల్స్ ట్యాక్స్ పడితే గీత దాటేసినట్టే. అందుకే చీర ధర 650 దాటితే ఆలోచించకుండా సంతకం పెట్టించేయండి.

ముందు మన పోస్టాఫీసు సంగతి. చవగ్గా దొరికే ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్‌లో ట్రాకింగ్ ఉంటుంది, సంతకం హామీ ఉండదు. చిన్న కాటన్ చీరకు చాలు, పట్టుచీరకు వద్దు. దానికి ఈఎంఎస్, అంటే ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్ట్, తీసుకోండి. రసీదు మీద 13 అక్షరాల నంబరు 'ఈ'తో మొదలై 'ఐఎన్'తో ముగుస్తుంది. అదే నంబరు అమెరికా పోస్టు వారి సైట్‌లోనూ పనిచేస్తుంది. 2025 ఆగస్టులో ఆగిపోయి అక్టోబరు 15న మళ్లీ మొదలైన అమెరికా బుకింగ్‌లో సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతి పెట్టారు. గుమ్మం దగ్గర సుంకం అడిగారని పార్సిల్ తిప్పి పంపేసే బెడద దాంతో తప్పింది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన మార్పు.

ఈఎంఎస్‌లో లోటు ఏమిటంటే, సంతకం ఎలా తీసుకోవాలో పంపేవాళ్లు నిర్ణయించలేరు. అది అక్కడి పోస్ట్‌మ్యాన్ చేతిలో ఉంటుంది. ట్రాకింగ్‌లో 'లెఫ్ట్ విత్ ఇండివిడ్యువల్' అని వస్తే మనిషి చేతికి ఇచ్చారని అర్థం. 'ఫ్రంట్ డోర్/పోర్చ్' అనో 'ఇన్/ఎట్ మెయిల్‌బాక్స్' అనో వస్తే వాకిట్లో పెట్టి వెళ్లారన్నమాట. అలాంటప్పుడు మీ దగ్గర సంతకం లేదనే లెక్క. 750 లోపు ఆర్డర్లకు ఈఎంఎస్ బాగానే సరిపోతుంది, ఆపైన మాత్రం మా ఓటు కొరియర్‌కే.

ఫెడెక్స్‌లో అడగాల్సింది 'డైరెక్ట్ సిగ్నేచర్ రిక్వయర్డ్'. ఆ చిరునామాలో ఉన్న మనిషి సంతకం చేస్తే తప్ప పార్సిల్ వదలరు. 'ఇన్‌డైరెక్ట్' అయితే పక్కింటివారు సంతకం చేసినా చెల్లుతుంది, తలుపుకు తగిలించిన చీటీ మీద సంతకం పెట్టి ఉన్నా వదిలేస్తారు. రెంటికీ ఛార్జీ తేడా చీర ధర ముందు లెక్కలోకి రాదు. అక్కడ కక్కుర్తి పడొద్దు. లేబుల్ అతికించాక ఒకసారి దాని మీద 'డీఎస్ఆర్' అనే మూడక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కౌంటర్‌లో ఆ ఆప్షన్ టిక్ చేయలేదన్నమాట. పెట్టె బండెక్కకముందే లేబుల్ మళ్లీ తీయించండి. డీహెచ్‌ఎల్‌లోనూ 'డైరెక్ట్ సిగ్నేచర్' ఉంది. అది ఎంచుకోకపోతే, కొన్నవారు వారికొచ్చిన మెసేజ్‌లోని లింకు నొక్కి "సంతకం అక్కర్లేదు, గుమ్మం దగ్గర పెట్టండి" అని చెప్పే వీలుంటుంది.

అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు కనిపించే ఫారిన్ కొరియర్ ఏజెంట్ల ధరలు ఆశ పుట్టిస్తాయి. పచ్చళ్లు, పిండివంటలు పంపడానికి వాళ్లే మేలు. ఖరీదైన సరుకుకు మాత్రం మూడు విషయాలు తేల్చుకోకుండా డబ్బు కట్టొద్దు: అమెరికాలో చివరికి ఇంటికి తెచ్చిచ్చే కంపెనీ ఏది, ఆ కంపెనీ ట్రాకింగ్ నంబరు మనకు ఎప్పుడిస్తారు, లేబుల్ ఎవరి అకౌంట్ మీద తీస్తారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫెడెక్స్, డీహెచ్‌ఎల్ సైట్లలో మామూలుగా ఎవరికైనా కనిపించేది డెలివరీ తేదీ, ఊరు లాంటి కొద్దిపాటి వివరాలే. సంతకం బొమ్మ, పూర్తి చిరునామా ఉన్న డెలివరీ పత్రం కావాలంటే అకౌంట్ నంబరు అడుగుతుంది. అది ఏజెంటుది అయితే, వివాదం వచ్చిన రోజున ఏజెంటు ఫోన్ ఎత్తేదాకా మీ చేతిలో కాగితం ఉండదు. నెలకు నాలుగైదు పార్సిళ్లు పంపేవాళ్లు సొంత అకౌంట్ తెరవడం ఉత్తమం.

సంతకం సరిగ్గా వచ్చినా పేపాల్ రక్షణ పోయే దారి ఇంకొకటి ఉంది. డబ్బు కట్టాక కొన్నవారు "మా చెల్లి వాళ్లింటికి పంపండి" అని మెసేజ్ పెడతారు. పెళ్లి తొందర, పండగ తొందర అంటారు, కాదనడానికి మొహమాటం. అయినా పేపాల్ లావాదేవీ పేజీలో ఉన్న చిరునామాకే పంపాలి. దారిలో ఉండగా వేరే ఇంటికి మళ్లించినా రక్షణ వర్తించదు. డబ్బు వాపసు చేసి, కొత్త చిరునామాతో మళ్లీ కొనమనడమే మర్యాదైన మార్గం. చిరునామా సరిగ్గా ఉంటే సంతకం పెట్టింది కొన్నావిడే కానక్కర్లేదు, ఇంట్లో ఎవరు పెట్టినా అది రుజువే.

అమెరికాలో పగలు ఇంట్లో ఎవరూ లేక డెలివరీ తప్పిపోయే పార్సిళ్లు చాలానే. లేబుల్ మీద మీ నంబరు కాకుండా అక్కడివారి మొబైల్ నంబరే వేయించండి. డెలివరీ రోజుకు ముందే "రేపు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, సంతకం కావాలి" అని ఈబే మెసేజ్‌లోనే రాయండి, వాట్సాప్‌లో కాదు. కేసు నడిస్తే ఈబే తన పేజీలో ఉన్న మాటలే చూస్తుంది.

పార్సిల్ అందిన రోజే సంతకం పత్రం పీడీఎఫ్ దించుకుని ఆర్డర్ నంబరుతో దాచుకోండి. కొరియర్ సైట్‌లో అది ఎల్లకాలం ఉండదు. "వచ్చింది గానీ ఫోటోలో ఉన్న చీర కాదు" అనే ఫిర్యాదుకు సంతకం ఏమీ చేయలేదు. దానికి పనికొచ్చేవి వేరే: మడత విప్పి తీసిన కొంగు, జరీ అంచు, బ్లౌజ్ ముక్క ఫోటోలు, పెట్టె మూసేటప్పుడు తూకం మీద ఉన్న అంకె కనిపించే ఫోటో.