కిలిమంజారోకి మరంగు దారా, మచామే దారా?

నేను మచామే దారిలో కిలిమంజారో ఎక్కి వచ్చినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. మరంగు దారిలో పడుకోవడానికి చెక్క గదులు, మంచాలు ఉంటాయట కదా, ఐదు రోజుల్లో అయిపోతుందట కదా, మరి నువ్వు ఏడు రోజులు టెంట్‌లో ఎందుకు పడుకున్నావని.

మరంగులో సుఖం ఉంది, కాదనను. వానొచ్చినా తడవకుండా పడుకోవచ్చు, దారి కూడా మెల్లగా ఎక్కుతుంది. కానీ ఆ కొండ మీద చాలామందిని వెనక్కి తిప్పేది నడక కాదు, గాలి పల్చబడిపోయే ఆ ఎత్తు. ఐదు రోజుల మరంగులో మొదటి రాత్రి సుమారు 2,700 మీటర్ల దగ్గర మందారా, రెండో రాత్రి 3,700 దగ్గర హొరొంబో, మూడో రోజు సాయంత్రానికి 4,700 దగ్గర కిబో. అక్కడ నాలుగు మెతుకులు తిని నడుం వాల్చామో లేదో, అర్ధరాత్రి లేపి 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి బయల్దేరదీస్తారు. రోజుకో వెయ్యి మీటర్లు ఎక్కుతూ పోతే ఒంటికి అలవాటు పడే టైమ్ ఎక్కడిది?

మచామేలో మూడో రోజు 4,600 మీటర్ల ఎత్తులో లావా టవర్ అనే పెద్ద రాతి గుట్ట దాకా ఎక్కించి, రాత్రికి 3,900 పైచిలుకు ఎత్తులో ఉన్న బరాంకో క్యాంపుకు దించేస్తారు. లావా టవర్ దగ్గర నాకు కణతలు పగిలిపోయేంత తలనొప్పి, డబ్బాలో పెట్టిచ్చిన అన్నం చూస్తేనే కడుపులో తిప్పింది. రెండు గంటలు దిగి, బరాంకో దగ్గర మనిషి కంటే ఎత్తైన ఆ లావుపాటి సెనెసియో చెట్లు కనపడేసరికి నొప్పి ఎటు పోయిందో తెలియదు, రాత్రి సూప్ రెండోసారి అడిగి తాగాను. పగలు పైకెక్కి రాత్రి కింద పడుకోవడమంటే ఏమిటో నాకు అక్కడ ఒంటికే తెలిసింది. మర్నాడు పొద్దున్నే చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన బరాంకో గోడ ఉంది, భయంగానే ఉంటుంది కానీ తాళ్లు అక్కర్లేదు.

మచామేనే ఆరు రోజుల్లో కూడా చేయిస్తారు, బరాంకో తర్వాత వచ్చే కరంగా క్యాంపు దగ్గర రాత్రి ఆగకుండా. అది వద్దు. పార్కు ఫీజు రోజుల లెక్కన కాబట్టి ఖర్చు తగ్గుతుంది, నిజమే, కానీ ఇంత దూరం వెళ్లి ఆ ఒక్క రోజు దగ్గర పొదుపు చేయకండి.

వేరే దారులూ ఉన్నాయి. లెమోషో దారి ఎనిమిది రోజులు, డబ్బూ సెలవులూ ఉంటే ఇంకా మంచిది. వానల్లో వెళ్లేవాళ్లకు ఉత్తరం వైపు రొంగై. ఉంబ్వే బాగా నిటారు, మొదటిసారి వాళ్లు అటు వెళ్లొద్దు.

టెంట్‌లో అసలు నిద్ర పట్టదు, మరంగే కావాలంటారా? అయితే ఆరు రోజులది తీసుకోండి. హొరొంబోలో ఒక రోజు ఎక్కువ ఉండి, పగలు జీబ్రా రాక్స్ అనే చారల బండల వైపు ఎక్కి, మళ్లీ హొరొంబోకే వచ్చి పడుకోండి.