మైక్రోస్టెప్పింగ్ పెంచాలా, వోల్టేజ్ పెంచాలా?

సొంతంగా కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) వణుకుతూ స్టెప్పులు పోగొడుతుంటే, అంటే దాని స్టెప్పర్ మోటారు చెప్పినంత తిరగకపోతే, ముందు మోటారు షాఫ్టును కలిపే కప్లర్ స్క్రూ చూడండి. అది వదులైతే ఈ రెండూ దండగే.

నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు ఉంటే మైక్రోస్టెప్పింగే (ఒక్కో స్టెప్పును చిన్న భాగాలుగా విడగొట్టడం) మేలు. 1.8 డిగ్రీల మోటారుకు చుట్టుకు 200 స్టెప్పులు. 1/8లో పెడితే 1600 అవుతాయి, కుదుపు బాగా తగ్గుతుంది. కంట్రోలర్‌లో మిల్లీమీటరుకు స్టెప్పుల లెక్క కూడా మార్చాలి, మరిచిపోవద్దు.

వేగంలో స్టెప్పులు పోతే మాత్రం మైక్రోస్టెప్పింగ్‌తో పని జరగదు. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లో కరెంటు పూర్తిగా ఎక్కే సమయం దొరకదు, టార్క్ (తిప్పే బలం) పడిపోతుంది. 24 వోల్టుల సప్లై తీసి 36 పెడితే కరెంటు త్వరగా ఎక్కుతుంది. మోటారుకు కరెంటు ఇచ్చే డ్రైవర్ బోర్డు వోల్టేజ్ పరిమితి మాత్రం దాటకూడదు. నేనైతే సప్లై కొనే ముందు యాక్సిలరేషన్ సగానికి తగ్గించి చూస్తాను.