డెల్టామెత్రిన్ గోమార్ల మందు: జెర్సీకి తప్పదు, ఒంగోలుకి అంత అవసరం లేదు (రేటింగ్ 5కి 3)

పిడుదులకి, అదే మేం గోమార్లు అంటాం, మందు కొనేముందు మీ కొట్టంలో ఏ జాతి పశువు ఉందో ఒకసారి చూసుకుని ఆ తర్వాత షాపుకి వెళ్లండి. మా దగ్గర ఒక జెర్సీ క్రాస్, పక్క గుంజకే ఒక ఒంగోలు ఆవు ఉన్నాయి. తినే గడ్డి ఒకటే, పడుకునే నేల ఒకటే. జెర్సీ చెవి తిప్పి చూస్తే లోపల ఆముదపు గింజల్లా ఉబ్బినవి వరసగా అంటుకుని ఉంటాయి, తోక కింద, పొదుగు మీద, గంగడోలు మడతల్లో కూడా అంతే. ఒంగోలు దాన్ని వెతికితే ఒకటీ అరా దొరుకుతాయి, అవీ సరిగ్గా ఎదగనివే.

ముందు మందు సంగతి. డబ్బా మీద ఉన్న కొలత ప్రకారం నీళ్లలో కలిపి స్ప్రే కొట్టాం. వాసన ఘాటుగానే ఉంటుంది, మాస్కూ గ్లౌజులూ లేకుండా మొదలుపెట్టకండి. మర్నాటికి చిన్నవి రాలిపోయాయి. ఉబ్బినవి కొన్ని చచ్చి ఎండిపోయినా పట్టు వదల్లేదు, వేళ్లతో తీస్తే వచ్చాయి. అంతవరకు బ్రహ్మాండం. కానీ ఒక్కసారి కొట్టేసి పని అయిపోయిందనుకుంటే కుదరదు. ఈ పిడుదు ఆవు మీద ఉండేది దాదాపు మూడు వారాలే. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది కింద పడి, మట్టిలోనో గడ్డి మొదళ్లలోనో రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, ఆ పిల్లలు మళ్లీ గడ్డి కొనల మీదకెక్కి ఆవు కోసం కాచుకుని ఉంటాయి. గోడ బీటల్లో దాక్కునే రకాలు వేరే ఉన్నాయి. ఆవుకి మాత్రమే కొట్టి కొట్టాన్ని వదిలేస్తే డబ్బులు దండగ.

మా ఊరివైపు షాపులో జరిగింది కూడా చెప్పాలి. డెల్టామెత్రిన్ ఇదివరకులా పనిచేయడం లేదంటే, "ఇది వేరే మందండి, వీపు మీద గీతలా పోస్తే చాలు" అని ఫ్లూమెత్రిన్ చేతిలో పెట్టాడు. వాడటం తేలికే, కాదనను. కానీ అది వేరే మందేం కాదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫ్లూమెత్రిన్ అన్నీ ఒకే కుటుంబం, పిడుదు నరాలని ఒకే చోట దెబ్బతీస్తాయి. ఒకదానికి మొండికేసిన పిడుదు రెండోదానికీ చాలావరకు మొండికేస్తుంది. ఈ మొండితనం ఎలా వస్తుందంటే, మందు కొట్టిన ప్రతిసారీ తట్టుకోగలిగినవే మిగిలి గుడ్లు పెడతాయి, మోతాదు తగ్గించి కొడితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. మార్చాలంటే అమిట్రాజ్ లాంటి వేరే కుటుంబం మందుకి మారాలి, అదీ పశువుల డాక్టర్ని అడిగి. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అని కొందరు తొందరపడుతుంటారు, అది పాలలోకి వస్తుంది, పాలిచ్చే ఆవుకి సొంతంగా వేయించకండి.

ఇంతకీ ఒంగోలు దానికి ఎందుకు అంతగా పట్టవు? నాకు ఈ మందు కన్నా ఆసక్తి అనిపించింది ఇదే. మూపురం ఉన్న జాతులన్నీ వేల ఏళ్లుగా ఈ పిడుదులున్న నేల మీదే బతికాయి. తట్టుకోలేనివి చిక్కిపోయి, జ్వరాలొచ్చి పోయాయి, తట్టుకున్న వాటి సంతానమే నిలిచింది. జెర్సీ, హోల్‌స్టీన్ పూర్వీకులు పెరిగిన చలి దేశాల్లో ఈ రకం పిడుదు లేనే లేదు, కాబట్టి వాటికి ఆ అవసరమే రాలేదు.

పిడుదు కూడా తక్కువది కాదు. దాని ఉమ్మిలో నెత్తురు గడ్డకట్టకుండా చేసేవి, ఆవు ఒంట్లోని రక్షణని మొద్దుబార్చేవి ఉంటాయి. అయినా ఒంగోలు లాంటి జాతుల్లో, ఒకట్రెండుసార్లు పిడుదులు పట్టాక, చర్మం వాటిని గుర్తుపడుతుంది. కంటికి సరిగా ఆనని పిల్ల పిడుదు నోరు పెట్టగానే అక్కడ వాపు, దురద మొదలవుతాయి, ఆవు నాకేస్తుంది. చాలా పిల్లలు మొదటి రోజే పోతాయి. నూటికి ఒకటో రెండో పెద్దవవుతాయేమో, అంతే. పొట్టి నున్నటి వెంట్రుక, ఈగ వాలితే అక్కడి తోలు మాత్రమే జలదరించే ఆ కండరం అదనపు బలం. నాలుక పని ఎంతుందో ఆస్ట్రేలియాలో పరీక్ష చేసి చూశారు: ఒళ్లు నాక్కోకుండా అడ్డుపెడితే పిడుదులు బాగా పెరిగాయట. కాబట్టి పలుపు మరీ పొట్టిగా కట్టకండి, ఆవు మెడ తిప్పి వీపు నాక్కోగలగాలి. ఇది పైసా ఖర్చు లేని మందు. బర్రెలదీ ఇదే కథ, బురదలో పొర్లి తోలుకి పూత వేసుకుంటాయి, దాన్ని మనం సోమరితనం అంటాం.

ఈ బలం తల్లిదండ్రులిద్దరి నుంచీ పిల్లకి దిగుతుంది. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రైతులు తమ యూరప్ ఆవులకి బ్రాహ్మన్ అనే మూపురం జాతి రక్తం కలిపారు, బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మన ఒంగోలు సంతతే కోట్లలో ఉంది. 1990లలో ఆస్ట్రేలియా, క్యూబాల్లో పిడుదులకి టీకా కూడా వచ్చింది. పిడుదు పేగులోని ఒక ప్రోటీన్‌తో చేశారు, టీకా పడిన ఆవు నెత్తురు తాగితే అందులోని యాంటీబాడీలు, అంటే టీకా వల్ల ఆవు ఒంట్లో తయారైన రక్షణ పదార్థాలు, పిడుదు పేగునే పాడుచేస్తాయి. మన పశువుల మందుల షాపుల్లో ఇలాంటిది అడిగితే వింతగా చూస్తారు.

మరి మందు కొనాలా? జెర్సీ క్రాస్, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్) ఉన్నవాళ్లకి తప్పదు. పిడుదులు అంటించే బబేసియా, అనాప్లాస్మా జ్వరాలు వస్తే పాలు పడిపోవడం అటుంచి ఆవే దక్కకపోవచ్చు. నాటు ఆవుకి మాత్రం ఒకటీ అరా కనిపించాయని ప్రతి నెలా కొట్టకండి, చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేస్తే సరిపోతుంది. మా జెర్సీకి ఈసారి ఎదకొచ్చినప్పుడు మూపురం జాతే అయిన సాహివాల్ సెమన్ వేయమని గోపాలమిత్రకి చెప్పి ఉంచాం, పుట్టే పెయ్యకి పాలు కాస్త తగ్గినా పర్వాలేదు.

ఇంకొకటి, స్ప్రే ట్యాంకు కడిగిన నీళ్లు చెరువులో పారబోయకండి. డెల్టామెత్రిన్ చేపలకి విషం, తేనెటీగలకీ పిల్లులకీ కూడా. డబ్బా మీద ఇవన్నీ రాసే ఉంటాయి కానీ ఆ అక్షరాలు భూతద్దం పెట్టినా కనపడవు, ఒక మార్కు దానికే కోశాను. ఇంకో మార్కు, ఇదివరకటంత పనిచేయనందుకు.